రింగు మీద అంకె, గాజు అంచున అంకె

పాత కెమెరా లెన్సుల వయసు చెప్పి బతికిన నేను, అరవైఎనిమిదేళ్ళదాన్ని, ఎల్లుండి గుండె ఆపరేషనుకి వెళ్తూ, బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి బెదిరింపుకీ బుజ్జగింపుకీ లొంగకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. ఇంతకుముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. అమలు బాధ్యత మా వీధి చివరి లాయరుగారిది. ఆయనకి తొందరెక్కువ, అయిదో అంశం రెండుసార్లు చదవాలి.

1. నేనుంటున్న రెండు గదులూ, పనిబల్లతో సహా, మా అక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. బల్ల కుడి సొరుగు ఇరుక్కుంటుంది, కాస్త ఎత్తి లాగాలి.

2. నా చిన్న దీపం కూడా దానికే. లెన్సు ముందు దీపం పట్టుకుని, లోపల మెరిసే ప్రతిబింబాలు లెక్కపెడితే గాజులెన్నో తెలుస్తాయి. గట్టిగా మెరిసేవి గాలి తగిలే ముఖాలు, మసగ్గా కనబడేవి అతికించిన చోట్లు. ఎనిమిదేళ్ళప్పుడు నా ఒళ్ళో కూచుని, నాకంటే ముందే లెక్క చెప్పేసింది. తరవాత వాళ్ళమ్మ దాన్ని నా గడప తొక్కనివ్వలేదు. ఆ తప్పు వాళ్ళమ్మది కాదు.

3. పాత సామాన్ల వ్యాపారికి ఏమీ లేదు. ఇత్తడి మీది పాత పూత లెన్సు వయసుకి సాక్ష్యమని ముప్పైఏళ్ళు మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఏమిచ్చినా దాన్నీ తళతళలాడేలా తోమేస్తాడు.

4. లెన్సు మీది ఏ వరస అంకె ఏ ఏడాదిదో రాసుకున్న నా పదహారు నోటుపుస్తకాలు ఫోటోగ్రఫీ కాలేజీకి.

5. ఇనప్పెట్టెలో సీలు వేసిన కవరూ, అందులోని లెన్సూ నా తదనంతరం గిడ్డంగుల తనిఖీ అధికారికి అందజేయాలి. కారణం ఇది.

ధాన్యం గిడ్డంగి గోడ కూలి ఏడుగురు హమాలీలు చనిపోయారు. గోడ చీలిందని యజమానికి ముందే తెలుసంటూ, ఫోటో స్టూడియో నడిపే మా బావ, అక్క భర్త, రెండేళ్ళకి జరిగిన విచారణలో ఒక ఫోటో పెట్టాడు. గోడ కూలడానికి నెల ముందు తీశానన్నాడు. అది తరవాత పుట్టించిన ఫోటో అన్నాడు యజమాని. ఆ ఫోటో తీసిన లెన్సు ఇదేనంటూ బావ తెచ్చి బల్ల మీద పెట్టాడు. వయసు తేల్చమని నన్ను పిలిచారు.

రింగు మీద అంకె చూశాను. గోడ కూలిన మరుసటి ఏడాది తయారైన లెన్సు అది. “రింగు విప్పి చూడమ్మాయ్, మధ్యలో ఒకసారి రిపేరుకిచ్చాను” అన్నాడు బావ. “నా పని నాకు నేర్పకు బావా” అన్నాను, అందరి ముందూ. మూటలు అతిగా పేర్చి హమాలీలే గోడ కూల్చుకున్నారని తేల్చారు. బావ దొంగ ఫోటోగ్రాఫరయ్యాడు, స్టూడియో మూతపడింది. నాకు మాత్రం పేరొచ్చింది.

లెన్సు నా బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ తరవాత తుడవడానికి రింగు విప్పాను. గాజు అంచున తయారీదారు పెన్సిలుతో రాసిన అంకె వేరు. గోడ కూలడానికి ఆరేళ్ళ ముందుది. రిపేరులో ఎవరో మరో లెన్సు రింగు బిగించారు. బావ చెప్పింది నిజం.

చూసి మళ్ళీ బిగించేశాను. ఏడేళ్ళు నోరు మెదపలేదు. పరువు పోతుందని, అంతే. ఆ గిడ్డంగిలో కూలని సగంలో ఇవాళ్టికీ ముప్పైమంది పనిచేస్తున్నారు. నిన్న వెళ్ళి చూశాను. నా అరచెయ్యి నిలువుగా దూరేంత చీలిక.

పై అంశంలో “నా తదనంతరం” అన్న మాట ఇప్పుడే కొట్టేశాను. సాక్షులు ఆ కొట్టివేత పక్కన కూడా సంతకం చేయాలి. కవరు చించాను. లెన్సు నా సంచిలో ఉంది. వీళ్ళ సంతకాలు కాగానే ఆ అధికారి ఆఫీసుకి నేనే వెళ్తున్నాను.

ముందుగా అక్క ఇంటికి ఫోను చేశాను, పదకొండేళ్ళ తరవాత. బావ ఎత్తాడు. అంతా చెప్పాను.

“ముందు ఆ ముప్పైమందినీ బయటికి రప్పించు. నా సంగతి తరవాత” అన్నాడు.

పన్నెండో తారీఖు, మంగళవారం, ఉదయం పదకొండున్నర.

సంతకం: లెన్సులమ్మ అని అందరూ పిలిచే నేను

సాక్షులు:
1. కింది వాటా దర్జీ
2. ఎదురింటి రిటైర్డ్ నర్సు