చూసినవాడి పేరు

ప్రియమైన వదినకు,

రెండుసార్లు మీ నంబరు కలిపి పెట్టేశాను. ఫోన్లో నీళ్ళు నమలడం కన్నా కాగితమే నయం.

అన్న రాసిన కెర్నెల్ కోడ్‌లో తప్పు దొరికింది. కంప్యూటర్‌ లోపల అన్నిటికీ పెద్ద దిక్కు ఆ కెర్నెలే. అందులో రెండు పనులు ఒకేసారి నడుస్తుంటే, ఒకటి ఇంకా వాడుకుంటున్న మెమరీని రెండోది ఖాళీ చేసేస్తోంది. రెప్పపాటు సందు. బయటివాడు దూరి మొత్తం యంత్రాన్ని చేతిలోకి తీసుకోవడానికి అది చాలు. ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళేలా అక్కడ ఒక తాళం ఉండేది. ఆరేళ్ళ క్రితం వేగం కోసం అన్న దాన్ని తీసేశాడు.

దిద్దుబాటు నేనే రాశాను. దాని కింద, ఏ పాత మార్పు వల్ల తప్పు వచ్చిందో, అది ఎవరిదో రాయడం మా పద్ధతి. అందరూ చదువుతారు, ఎప్పటికీ ఉంటుంది. అన్న పోయి తొమ్మిది నెలలైనా కాలేదు. పేరు రాయకుండా పంపేయనా? నాకు బాధగా కూడా లేదు, వదినా. చేతులు టైపు చేస్తున్నాయి, అంతే.

మీ మాట కోసం చూస్తూ,
మీ మరిది

ప్రియమైన చంటికి,

డ్యూటీ నుంచి వచ్చి ఉత్తరం చదివాను. టీ చల్లారిపోతే అలాగే తాగేశాను. నాకూ ఏడుపు రావడం లేదు, కంగారుపడకు. మీ అన్న చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. రోజూ జరిపి ఊడ్చి, మళ్ళీ అక్కడే పెడుతున్నాను.

ఆయన తప్పు చేయని మనిషని నేనెప్పుడూ అనుకోలేదు. గ్యాస్ కట్టేశానని ఒట్టేసి చెప్పేవారు. వెళ్ళి చూస్తే మంట వెలుగుతూనే ఉండేది. పేరు రాయి.

ఒక్కటి అడుగుతాను. మా వార్డులో రక్తం ఎక్కించే ముందు ఇద్దరు నర్సులం వివరాలు చూసి, ఇద్దరం సంతకం పెడతాం. ఒకరు చూశారులే అని రెండోవాళ్ళు పెట్టేస్తే ఎవరూ చూడనట్టే. మీ దగ్గర రెండో సంతకం ఉండదా? ఉంటే అదెవరిది? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

ఆశీస్సులతో,
వదిన

ప్రియమైన వదినకు,

నాది.

ఆ రోజు అన్న, "ఒకసారి చూడరా, తాళం తీయడం నాకెందుకో అనుమానంగా ఉంది" అని పంపాడు. నేను తెరవనే లేదు. అన్న రాసింది నేను చూసేదేమిటనుకుని "చూశాను, బాగుంది" అని పెట్టేశాను. తమ్ముడు చూశాడు కదా అని అన్న వదిలేశాడు.

మీరు వద్దంటే, ఆ మాట అడ్డం పెట్టుకుని నా పేరూ దాచుకుందామనుకున్నాను. మొదటి ఉత్తరం అన్న పరువు కోసం కాదు.

సోమవారం పంపేశాను. అన్న పేరు రాశాను. చూడకుండా చూశానన్నది నేనేనని దాని కిందే రాశాను. రెండో సంతకం పెట్టాల్సిన, కొత్తగా చేరిన ఒకమ్మాయి మూడు రోజులు ప్రతి వరుసా చూసి, నా దిద్దుబాటులోనే రెండు తప్పులు పట్టింది. ఆమె తెర మీద వేలు పెట్టి చదువుతుంటే పక్కన కూర్చుని ఏడ్చాను.

అన్న అడిగింది అంతే కదా, వదినా. ఒకసారి చూడమన్నాడు.

మీ
చంటి