పొట్ట తగ్గిన కబురు

ఒసే సత్తెమ్మా,

యావన్మందికీ తెలియజేయడమేమనగా, నువ్వు వడ్లగాదె అని వెక్కిరించిన నా పొట్ట తగ్గిపోయింది! శ్రీముఖలింగం తీర్థంలో నువ్వు కొన్న మొలతాడు నడుం మీద నిలవడం లేదు.

మొన్న నీ సంవత్సరీకం అయ్యింది. ఇవాళ నీకు గొప్పలు చెప్పుకుందామని కొత్తవలస జిమ్ములో కొవ్వూ కండా కొలిచే మిషనెక్కాను. కొవ్వు కాస్తే తగ్గిందట. కండే ఎక్కువ కరిగిందట.

"ఏటి మావా, తిండి మానేసినావేటి?" అంది జిమ్ము నడిపే పిల్ల.

"మీ అత్త డైటింగు పెట్టినాది. రెండో ముద్దకి గరిటెత్తుతాది."

"ఓపాలి తీసుకురా, నాను దెబ్బలాడతాను."

"రమ్మంటే రాదే, మొండిది" అని నవ్వేసి వచ్చేశాను.

నువ్వు డైటింగు పెట్టావన్నది నేనల్లిన అబద్ధం. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కావడం లేదు.