నాలుగింటికి గేటు దగ్గర

టీచరమ్మ గారికి నమస్కారాలు.

మీ రెండో తరగతిలోని మా చిట్టి, పన్నెండు రోజుల తర్వాత ఈ పొద్దున తన కాళ్ల మీద తనే బడికి వచ్చింది. నా సంతోషానికి ఈ కాగితం చాలదు తల్లీ. మిషన్ ముందు కూర్చున్నానన్న మాటే గానీ, ఒకరి చొక్కాకు కాలరు తిరగేసి కుట్టేశాను.

ఇన్నాళ్లూ కడుపునొప్పి అని మీకు కబురు పంపాను. అది అబద్ధం, మన్నించండి. చిట్టి నాకు అరవయ్యో ఏట పుట్టిన బిడ్డ. నేను గేటు దగ్గర నిలబడితే "మీ తాత వచ్చాడే" అని పిల్లలు నవ్వారట. నా తెలివి తెల్లారినట్టే ఉంది, మర్నాడు జుట్టుకు రంగేసుకుని వెళ్లాను. ఇంకా నవ్వారు. ఆ మర్నాటి నుంచి అది మంచం దిగలేదు.

ఈ రోజు వీధి మలుపులోనే నన్ను ఆపేసింది. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, "సాయంత్రం గేటు దాకా రా నాన్నా. ఆ రంగు మాత్రం వేసుకోకు. ఎవరన్నా అంటే నేను చెప్తాలే" అంది.

అందుకే ఈ ఉత్తరం మీ బడి ఆయా చేతికిచ్చి పంపుతున్నాను. నాలుగింటికి ఎవరైనా నవ్వితే మీరు కసరకండి. దాన్ని మెచ్చుకోకండి. అసలు అటు చూడకండి. అది నోరు విప్పుతుందో, నా చెయ్యి విడిపించుకుని పరుగెత్తుతుందో నాకూ తెలియదు. చెప్పేదేదో దాన్నే చెప్పనివ్వండి.

ఇప్పుడు రెండున్నర. తెల్లజుట్టు దువ్వుకుని ఇప్పటికే మూడుసార్లు గడప దాకా వెళ్లొచ్చాను.

ఇట్లు,
చిట్టి వాళ్ల నాన్న