మడతబందులకు నూనె

ఒరే పెద్దోడా, ఇక్కడ అందరం కులాసా; నీ ఉత్తరమే నా కడుపు మండించింది. "తలనొప్పి లేని రోజు కూడా టీవీ కట్టేయమంటుంది, అంతా నటన, పుట్టింటికి పంపేస్తాను" అని కోడలి మీద నాకు చాడీలా?

ఈ కార్డు రాసిపెడుతున్న, ఆసుపత్రిలో పనిచేసే పక్కింటి నర్సమ్మను అడిగాను. పార్శ్వపు నొప్పి మనిషికి నొప్పి లేనప్పుడూ మెదడు కుదురుగా ఉండదట, లోపలి రసాయనాలు తేడాగానే ఉంటాయట. గడియారం చప్పుడు మనకు కాసేపటికి అలవాటైపోతుంది. వాళ్లకు ప్రతి టిక్కూ కొత్తదేనట.

మా అమ్మకూ ఇదే జబ్బు. వడ్రంగి మా నాన్న, అమ్మ నవ్వుతూ తిరిగే రోజుల్లోనే తలుపుల మడతబందులకు నూనె వేసేవాడు. "ఇవాళ బాగానే ఉందిగా, ఎందుకురా ఈ సేవలు?" అని మేనత్త దెప్పితే, "బాగున్నప్పుడే కాపాడుకోవాలక్కా" అనేవాడు. సాయంత్రం నాన్న ఇంటికొస్తే తలుపు చప్పుడయ్యేది కాదు, ఆయనొచ్చాడని నూనె వాసనే చెప్పేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నా కాళ్లు ఆగిపోతాయి.

నేనొచ్చినప్పుడు మీ వంటింటి తలుపు కీచుకు నా ముసలి చెవులే చిల్లులు పడ్డాయి. ముందు దానికి నూనె వెయ్యి, పుట్టింటి మాట తర్వాత. నా చేతికర్ర అడుగు రబ్బరు అరిగింది, ఒకటి పంపు. పిల్లదానికి పళ్లొచ్చాయా? కోడలికి నా దీవెనలు. నీకు మాత్రం ఆ తలుపు నోరు మూశాకే.

మీ అమ్మ