తీతువు అరవని మనిషికి

బాయిలర్ల తనిఖీ అధికారిగా పనిచేసి విరమించిన నేను, ఈ తోటకు ఏకైక హక్కుదారుణ్ణి, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం వెనక జతపరిచాను. భయం సంగతి ఆయన రాయలేదు. అది నేనే రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. అక్షరాలు వంకరపోయిన చోటల్లా అది నా చేతి వణుకు, కాబట్టి దస్తూరి నాది కాదని ఎవరూ పేచీ పెట్టకూడదు.

నేను పిరికివాణ్ణని చుట్టాలందరికీ తెలుసు. పిడుగన్నా, పామన్నా, గట్టు లేని బావి అన్నా నాకు హడలు. కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. నాకు జీతమిచ్చిందే భయపడినందుకు. అందరూ ధీమాగా టీ తాగుతున్న చోట నిలబడి, గోడకు చెవి ఆనించి, ఏది పేలుతుందోనని భయపడటమే నా ఉద్యోగం. నేను సంతకం పెట్టిన బాయిలరు ఒక్కటీ పేలలేదు. ధైర్యవంతులు దీన్ని గమనించగలరు.

ఇక పంపకాలు.

1. పట్నంలోని ఇల్లు, అందులోని సామాను సమస్తం నా భార్యకు చెందాలి. తోట ఆమెకు రాయడం లేదు. ఇది కోపంతో చేసింది కాదు. "ఆ తోట నాకు రాశారంటే మర్నాడే తాళం వేసి వచ్చేస్తా, మీ పాములతో, మీ పిట్టలతో నేను వేగలేను" అని ఆమే స్వయంగా చెప్పింది. కోళ్ళు మాత్రం ఆమెవి. వాటిలో మెడ మీద ఈకలు లేని ముసలి కోడిని కోయడానికి వీల్లేదు. అది గుడ్లు పెట్టడం మానేసి చాలా కాలమైంది. పని మానేసినా ఇంట్లో ఉండనిచ్చిన ప్రాణులం అది, నేను ఇద్దరమే.

2. నా కుమార్తెకు నా దుర్భిణి, పిట్టలు చూడటానికి వేసుకునే మడత కుర్చీ, ఇంకా వరండాలోని చిన్న దీపం. అమ్మాయీ, చిన్నప్పుడు నీకు చీకటంటే భయమని ఆ దీపం ఆర్పనిచ్చేవాణ్ణి కాదు గుర్తుందా? నీ భయం రెండేళ్ళలో పోయింది. దీపం మాత్రం నువ్వు పెళ్ళయి వెళ్ళేదాకా వెలిగింది. అది ఎవరి కోసమో నీకు తెలిసే ఉంటుంది. తెలిసీ ఒక్కనాడూ నన్ను ఆటపట్టించలేదు. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా నీకే అప్పగిస్తున్నాను. మన ఇంట్లో లాయరు గొంతు పెంచినా బెదరనిది నువ్వొక్కదానివే.

3. పశువైద్యుడికీ, పంపు బాగుచేసే కరెంటు మేస్త్రీకీ ఏదైనా ఇవ్వాలని ఉంది. కానీ వాళ్ళు సాక్షులు. సాక్షులకు ఆస్తిలో ఏమీ రాయకూడదట. ఇన్నాళ్ళూ తిన్న జామకాయలతో, మోసుకుపోయిన గుడ్లతో వాళ్ళు సరిపెట్టుకోవాలి. మేస్త్రీ నా నిచ్చెన ఎప్పుడో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. అది ఇవ్వనక్కర్లేదు. రాసింది కాదు కాబట్టి చట్టం కూడా అడ్డురాదు.

4. ఇప్పుడు తోట. ఎకరానికి కాస్త తక్కువ. జామచెట్లు, నిమ్మ, బొప్పాయి, కోళ్ళగూడు, ఇప్పుడు మేముంటున్న రేకుల ఇల్లు, పంపు గది, దాని ముందు గులకరాళ్ళ జాగా. ఈ గులకరాళ్ళ మీదే తీతువు ఏటా గుడ్లు పెడుతుంది. గూడంటూ కట్టదు. రాళ్ళ మధ్య రాళ్ళలాంటి గుడ్లు. అక్కడికి ఎవరొచ్చినా లేచి నెత్తి మీద తిరుగుతూ ఊరంతా వినేట్టు గోల పెడుతుంది. దాని గోల వినగానే గోరింకలు అందుకుంటాయి, పికిలిపిట్టలు పొదలో దూరిపోతాయి, పంపు తీగ మీది లకుముకి ఎగిరిపోతుంది. పాల మనిషిని చూసినా, కుక్కను చూసినా, మా అమ్మాయిని చూసినా ఇదే వరస.

నన్ను చూసి కూడా అరిచేది. జామచెట్టు కింద బెంచీ వేసుకుని, దగ్గు వచ్చినా మింగుకుని, రెండు శీతాకాలాలు అలా కదలకుండా కూర్చున్నాక ఒకరోజు మానేసింది. నేను దాణా బకెట్ పట్టుకుని పక్కనుంచే వెళ్ళాను, అది గుడ్ల మీది నుంచి లేవలేదు. ఆ రోజు నుంచి తోటలో నా భయం సగం తగ్గింది. ఎందుకంటే అరుపు లేదంటే పాము లేదు, పరాయి మనిషి లేడు. నిశ్శబ్దంగా ఉన్న తోటలో నిశ్చింతగా తిరిగాను. నా జీవితంలో అటువంటి సుఖం మరొకటి లేదు. నా భార్య ఇది చదివి నొచ్చుకోకూడదు.

5. పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఏం జరిగిందో ఇక్కడ నమోదు చేస్తున్నాను. వారసులకు ఇది అవసరం.

ఎడమ కాలు ఈడుస్తూ, చేతికర్ర ఊతంగా, మొదటిసారి తోటలోకి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో తీతువు లేచింది. పాము వచ్చిందనుకున్నాను. ఉన్నచోటే బిగుసుకుపోయి నా చుట్టూ చూశాను. ఏమీ లేదు. అది నా నెత్తి మీదే తిరుగుతోంది. గోరింకలు అందుకున్నాయి. పొదలన్నీ ఖాళీ అయ్యాయి. వెనక్కి తిరిగి గడప ఎక్కితే గాని ఊరుకోలేదు. మర్నాడూ అంతే. కర్ర లేకుండా వెళ్ళి చూశాను, పడబోయాను, అప్పుడూ అంతే. మాటలు కలిపి పిలిస్తే ఇంకా ఎక్కువ. నా మాట కూడా ముద్దగా వస్తోంది మరి.

డాక్టరు "బాగా కోలుకుంటున్నారు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని అనను. కానీ పాతికేళ్ళు యంత్రాల చప్పుడు విని బతికినవాణ్ణి, చప్పుడు మారితే దానర్థం నాకు తెలుసు. నాలో నడిచేవాడు మారిపోయాడు. నాకు చావంటే భయమే, కాదనను. కానీ ఆ రోజు నుంచి అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. నా తోటలో నేను పరాయివాడిగా చచ్చిపోతానని, కళ్ళు మూసేటప్పుడు నా చెవిలో పడే ఆఖరి చప్పుడు నన్ను తరిమే అరుపే అవుతుందని. నేను మళ్ళీ తోటలోకి దిగలేదు. కిటికీ దగ్గర మంచం వేయించుకున్నాను.

6. నా బావమరిది గురించి. ఇతను నా భార్యకు తమ్ముడు, నాకు మాత్రం నాలుగేళ్ళుగా ఏమీ కాడు. తోట కొన్నరోజునే ఇతను అందరి ముందూ "బల్లి అరిస్తే బల్ల ఎక్కేవాడివి, నీకు తోటెందుకు బావా?" అన్నాడు. అది మరిచిపోయాను. కంచె మరిచిపోలేదు. నేను ఊళ్ళో లేనప్పుడు, నాకు మేలు చేస్తున్నాననుకుని, యంత్రం తెప్పించి ముళ్ళపొదల కంచె మొత్తం నున్నగా కొట్టించాడు. అందులో పికిలిపిట్టల గూళ్ళున్నాయి. పిల్లలున్నాయి. వచ్చి చూస్తే కంచె ఉన్నచోట గీసిన గడ్డంలా నేల. "శుభ్రం చేయించా బావా, ఇక పాములు రావు" అన్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఈ వీలునామాలో ఏది రాసినా ఆ విషయంలో క్షమించానని మాత్రం ఎవరూ అర్థం చెప్పుకోకూడదు.

7. కిటికీ దగ్గర పడుకున్న కొన్నాళ్ళకు, ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. బయట గులకరాళ్ళ మీద అడుగులు. ఎవరో నడుస్తున్నారు. తీతువు అరవలేదు.

అది అరవకుండా ఉండేది ఒక్కణ్ణి చూసే. తల తిప్పి చూశాను. నా గోధుమరంగు కోటు. నా రబ్బరు బూట్లు. నా టోపీ. చేతిలో నా దాణా బకెట్. మసక వెలుతురులో నేను జామచెట్ల మధ్య నడుచుకుంటూ పోతున్నాను, రెండు కాళ్ళతోనూ సాఫీగా. తీతువు గుడ్ల మీదే ఉంది. గోరింకలు నా కాళ్ళ దగ్గరే దాణా ఏరుకుంటున్నాయి. నేను పోయానని నాకు రూఢి అయింది. మంచం మీద ఉన్న ఈ వస్తువు ఇక ఎవరికీ అక్కర్లేదని, అసలు నేను లేచి తోటలోకి వెళ్ళిపోయానని అనుకున్నాను. కేక వేద్దామంటే గొంతు రాలేదు.

అప్పుడు ఆ కోటులోని మనిషి తుమ్మాడు. రేకుల కప్పు ఎగిరిపోయేట్టు అలా తుమ్మేవాడు మా వంశంలో లేడు. అది మా బావమరిది తుమ్ము.

నా కేక అప్పుడు వచ్చింది. నా భార్య పరుగెత్తుకొచ్చింది. "ఎందుకండీ అంత వణికిపోతున్నారు? వాడు మా తమ్ముడే. మీరు ఆసుపత్రిలో పడ్డ రోజు నుంచీ వాడే వచ్చి కోళ్ళకు దాణా వేస్తున్నాడు. పాములుంటాయని మీ బూట్లూ, కోటూ, టోపీ నేనే ఇచ్చా. మీకు తెలిస్తే గొడవ చేస్తారని ఇంకా తెల్లవారకుండానే వచ్చి పోతున్నాడు" అంది. నాకంటే అతనికే భయం ఎక్కువన్నమాట, నేనంటే.

8. పిట్టలు కోటును చూసి మోసపోయాయేమోనని అనుమానం వచ్చింది. ఊరికే నమ్మే అలవాటు నాకు లేదు. మర్నాడు కోటు, టోపీ, బూట్లు దాచేయమని నా భార్యకు చెప్పాను. అతను తన చొక్కాతో, తన చెప్పులతో వచ్చాడు. గులకరాళ్ళకు దూరంగా ఆగి, తీతువు తల పక్కకు తిప్పేదాకా నిలబడి, అప్పుడు కదిలాడు. అలా ఆగాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తీతువు లేవలేదు. తుమ్మినా లేవలేదు. పడగొట్టించిన కంచె వెంట ముళ్ళమొక్కలు వరసగా నాటి ఉన్నాయి. మోకాలెత్తు పెరిగాయి. కిటికీ లోంచి నాకు అప్పటిదాకా కలుపు మొక్కల్లా కనిపించినవి అవే.

కనుక పై తోటను, అందులోని ఇంటిని, పంపు గదిని, గులకరాళ్ళ జాగాను, కోటును, బూట్లను, టోపీని నా బావమరిదికి సర్వహక్కులతో రాసిస్తున్నాను. షరతు ఒకటే. కంచె కొట్టకూడదు. పాములొచ్చినా సరే. పాము వస్తే పిట్ట చెబుతుంది. పిట్ట చెబితే బల్ల ఎక్కవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

9. ఈ అంశం మాత్రం నేను పోయాక కాకుండా ఇవాళే అమలులోకి రావాలి. ఈ కాగితం మీద సంతకం ఇంట్లో పెట్టను. జామచెట్టు కింది బెంచీ మీద పెడతాను. అక్కడిదాకా ఒక్కణ్ణే వెళ్ళే ధైర్యం నాకు లేదు. కిటికీ బయట నిలబడి, లోపలికి రమ్మంటారో లేదోనని చూస్తున్న వ్యక్తి నాకు భుజం ఇవ్వాలి. నాలుగేళ్ళ తర్వాత నేను అతన్ని అడుగుతున్న మొదటి మాట ఇది. నోటితో అడగలేక కాగితం మీద అడుగుతున్నాను. తీతువు అరిస్తే వెనక్కి తీసుకొచ్చేయమని, ఆ తర్వాత ఆ సంగతి ఎత్తొద్దని మనవి.

తేదీ: జూలై పద్నాలుగు, మంగళవారం, ఉదయం.

(సంతకం) వీలునామా కర్త

సాక్షులు:

పశువైద్యుడు (సంతకం)

కరెంటు మేస్త్రీ (సంతకం)

సాక్షుల వాంగ్మూలం: కర్త మా ఇద్దరి ఎదుట, జామచెట్టు కింది బెంచీ మీద కూర్చుని, పైనున్నదంతా చదివి వినిపించి సంతకం చేశారు. మేమిద్దరం ముందుగా వచ్చి బెంచీ దగ్గర నిలబడ్డాం. మమ్మల్ని చూసి తీతువు చాలాసేపు అరిచింది. అది సద్దుమణిగాక కర్త ఇంట్లోంచి బావమరిది భుజం పట్టుకుని, కాలు ఈడుస్తూ, మధ్యలో రెండుసార్లు ఆగి, గులకరాళ్ళ పక్కనుంచి నడిచి వచ్చారు. అప్పుడు ఏ పిట్టా అరవలేదు. ఇది కూడా రాయమని కర్త కోరినందున రాశాం.