ఎడమ నుంచి మూడో మనిషి

2 నవంబరు 2025, ఆదివారం

జెస్సీ ఫోన్ చేసింది. పదిహేనో తారీఖున ముంబయిలో ఒపేరా హౌస్‌లో పాడుతోందట. నన్ను రమ్మంది. ఒపేరా అంటే మొత్తం పాటలతోనే నడిచే నాటకమట.

ఆరేళ్ళలో నా కూతురు తన పాట వినడానికి నన్ను పిలవడం ఇదే మొదలు. తప్పు నాదే. చర్చి క్వయర్ మానేసి స్టేజి పాటలు నేర్చుకుంటానన్నప్పుడు, దేవుడిచ్చిన గొంతుకి టికెట్టు పెడతావా అన్నాను. మెల్లగానే అన్నాను. నేనేదైనా మెల్లగానే అంటాను. అయినా తగలాల్సిన చోట తగిలింది. ఆ తర్వాత బందరు వచ్చినా నా ముందు కూనిరాగం కూడా తీయలేదు.

3 నవంబరు

క్వయర్‌లో నా పక్కన పాడే చిట్టెమ్మకు చెప్పాను. ఏం వదినా, పిల్ల మొహానికి రంగేసుకుంటుందా అంది. వేసుకుంటుందన్నాను. అయితే నువ్వూ కాస్త పూయించుకుని రా, ఫోటో దిగుదువుగాని అంది.

5 నవంబరు

జెస్సీ వాట్సాప్‌లో జాగ్రత్తలు పంపింది. అరగంట ముందే రావాలి. ఆట మొదలయ్యాక వస్తే ఇంటర్వెల్ దాకా బయటే. కథ ముందే చదువుకోవాలి. స్టేజి పైన తెర మీద ఇంగ్లీషులో అర్థం వస్తుంది గానీ అస్తమానం అటే చూస్తే మనుషులు కనపడరు. ఫోను సైలెంట్ కాదు, స్విచ్ ఆఫ్. పక్కవాళ్ళు కొట్టేదాకా చప్పట్లు కొట్టకూడదు. ఏసీకి శాలువా.

చివర్లో ఇంకొకటి. రెండో భాగంలో ప్రార్థన సీన్, ఎడమ నుంచి మూడో మనిషిని నేను, ఒక్క లైను నేనొక్కదాన్నే పాడతాను, పాట అందరూ వింటారు, నువ్వు నన్ను చూడమ్మా అని.

మా ఆయన దైవాధీనం గారు చదివి, పబ్లిక్ పరీక్షక్కూడా ఇన్ని రూల్సు లేవు అన్నారు.

9 నవంబరు

కథ మూడుసార్లు చదివాను. చేపల వేటకెళ్ళిన పడవలు తుపానులో చిక్కుకుంటాయి. ఒడ్డున ఆడవాళ్ళు మోకరించి ప్రార్థిస్తారు. ఒక్క పడవ తిరిగిరాదు. గిలకలదిండి రేవు దగ్గర పెరిగినదాన్ని. ఇది నాకు ఇంగ్లీషులో ఎవరూ చెప్పక్కర్లేదు.

12 నవంబరు

పట్టుచీర గరగరలాడుతుందని తీసేసి కాటన్ చీర సర్దుకున్నాను, గాజులు కూడా ఇంట్లోనే పెట్టాను.

16 నవంబరు, ఉదయం 6

రాత్రి జరిగింది రాయాలి.

గుమ్మం దగ్గరే చెప్పులు విప్పబోయాను. జెస్సీ స్నేహితురాలు రోజా నా చెయ్యి పట్టుకుంది. ఆంటీ, ఇక్కడ అందరూ చెప్పులతోనే అంది.

ఎర్ర కుర్చీలు, మూడంతస్తుల బాల్కనీలు, పైకప్పంతా బంగారు రంగు. మైకు లేదు. అన్ని వందల మందికి ఒట్టి గొంతుతో పాడుతున్నారు. ఒకావిడ గొంతెత్తితే నా పక్కటెముకలకు తెలిసింది. కాసేపటికి తెర చదవడం మానేశాను. ఇంటర్వెల్‌లో బ్యాగులోంచి చెక్కలు తీస్తే రోజా కూడా తింది. గంట కొట్టకముందే నమిలేయండాంటీ, తర్వాత హాలంతా వినపడుద్ది అంది.

రెండో భాగంలో నల్ల శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ళు వచ్చారు. ఎడమ నుంచి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. జెస్సీ. అంతలో అందరూ మోకరించారు.

నా చెయ్యి దానంతటదే లేచింది. కొంగు తల మీద వేసుకున్నాను. తల వంచి కళ్ళు మూసుకున్నాను. ఎవరు ప్రార్థన మొదలుపెట్టినా ఊహ తెలిసినప్పటినుంచీ నా ఒళ్ళు చేసే పని అదే. ఎదురుగా ఉన్నది వేషమని దానికి తెలియదు. ఆ పడవల కోసం నిజంగానే ప్రార్థించాను.

అప్పుడు ఒక్క గొంతే వినపడింది. నా బిడ్డది. కళ్ళు తెరవాలని తెలుసు. తెరవలేకపోయాను. లైను అయిపోయింది. ఆమెన్ అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు, స్టేజి మీద ఆడవాళ్ళు వెళ్ళిపోతున్నారు.

ఆట అయ్యాక జెస్సీ సగం రంగు తుడుచుకుని బయటికి వచ్చింది. చూశావా అమ్మా అంది. చూశానంటే సరిపోయేది. నోరు రాలేదు. లేదమ్మా, నువ్వు ప్రార్థన చేస్తున్నావుగా, కళ్ళు మూసుకున్నాను అన్నాను.

చెంప మీద మిగిలిన రంగు తుడుచుకుంది. తర్వాత, అయితే ఆ ఆమెన్ నీదేనా అంది. స్టేజి దాకా వినపడిందట. ఇన్నాళ్ళూ మెల్లగా మాట్లాడి ఆ గొంతంతా దాచిపెట్టుకున్నావా అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

టాక్సీలో నా పక్కన కూర్చుని ఆ లైను మళ్ళీ పాడింది. నేను అడగలేదు. డ్రైవరు రేడియో ఆపేశాడు. ఈసారి చూశాను. పై స్వరానికి వెళ్ళేటప్పుడు దాని ఎడమ కనుబొమ్మ లేస్తుంది. సండే స్కూల్లో పాడేటప్పుడూ అంతే.

23 నవంబరు, ఆదివారం

చర్చిలో ప్రార్థన అయినంతసేపూ కళ్ళు తెరిచే ఉన్నాను. అందరి ముఖాలూ చూశాను. చిట్టెమ్మ కూడా కళ్ళు తెరిచే ఉంది. ఎన్నేళ్ళనుంచో.