అమ్మ జాబితా, నాన్న డైరీ

బాబాయ్,

చించెయ్యకుండా చివరిదాకా చదువు. నా పెళ్లికి నిన్ను కావాలని పిలవకుండా వదిలెయ్యలేదు.

పిలవాల్సినవాళ్ల జాబితా అమ్మది, చిరునామాల డైరీ నాన్నది. ఆఫీసులో రోజూ చేసే పనే కదా అని రెండింటినీ పట్టికలుగా ఎక్కించి, ఆర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో కలిపేశాను. రెండు పట్టికల్లోనూ ఉన్న పేరునే అది ఉంచుతుంది, మిగతావి తీసేస్తుంది.

అమ్మ నిన్ను "మరిది" అని రాసింది. నాన్న "తమ్ముడు" అని రాసుకున్నాడు. నువ్వు ఎగిరిపోయావు. అత్తయ్యలూ పిన్నులూ అలాగే పోయారు. ఇద్దరూ ఒకేలా రాసుకున్న ప్లంబరుకీ, దర్జీకీ, పళ్ల డాక్టరుకీ మాత్రం కార్డులు భేషుగ్గా అందాయి. ప్లంబరు కుటుంబంతో సహా వస్తున్నాడట!

చుట్టాల్లో కలిసిన పేరు "అన్నయ్య" ఒక్కటే. అమ్మ రాసింది మామయ్యని, నాన్న డైరీలో ఉన్నది పెదనాన్న చిరునామా. జాబితాలో ఆ పేరు పక్కన అమ్మ రాసుకున్న ముక్క కూడా కార్డు మీద అచ్చయింది: "మన అమ్మ గాజులు మర్చిపోకు."

అది మామయ్యకి రాసిన ముక్కని పోల్చుకుని, పదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేకపోయినా, ఆ కార్డు పట్టుకుని పెదనాన్న మామయ్య ఇంటికి వెళ్లాడు.

"మీ మేనకోడలికి బుద్ధుందా?"

"మీ తమ్ముడి కూతురేగా!"

అప్పటినుంచి ఇద్దరూ కలిసి కూర్చుని నన్నే తిడుతున్నారు. నువ్వూ వచ్చి తిట్టు, బాబాయ్. ఈ కవరు మీద చిరునామా నా చేత్తోనే రాశాను.

ఇట్లు,
నాన్న జాబితాలోనూ నీ జాబితాలోనూ కూతురిగానే ఉన్న నేను